పాత ఇంటి ఫ్లోర్‌లో ఆస్బెస్టాస్ ఉంటే వదిలేయాలా, కప్పేయాలా, పీకించాలా?

పాత ఇంట్లో కార్పెట్ ఎత్తి చూస్తే కింద చిన్న చిన్న చదరపు టైల్స్ కనబడ్డాయనుకోండి, చాలామందికి వచ్చే మొదటి ఆలోచన అమ్మో ఇది ఆస్బెస్టాస్ అయితే వెంటనే పీకేయాలి అని. నన్నడిగితే తేడా కొట్టేది అక్కడే. ఫ్లోరింగ్ విషయంలో ఆ సరుకు ఇంట్లో ఉండటం కంటే దాన్ని అడ్డదిడ్డంగా పీకడమే ఎక్కువ డేంజర్. గట్టిగా అతుక్కుని ఉన్న టైల్ దాని మానాన అది పడుంటుంది, అదే టైల్‌ని ఉలి పెట్టి కొట్టి, కింద జిగురుని గ్రైండర్‌తో గీకి, ఆ పొడిని చీపురుతో ఊడ్చామంటే అన్నేళ్ళూ లోపలే ఉన్న పోగులన్నీ ఒక్క పూటలో గాల్లోకి లేస్తాయి. మన ముందున్న దారులు నాలుగే, అలాగే వదిలేయడం, పైన కొత్త ఫ్లోర్ వేసి కప్పేయడం, లైసెన్స్ ఉన్నవాళ్ళతో తీయించడం, మనమే తీసుకోవడం. వీటిలో ఏదనేది టైల్ పేరు విని తేల్చేది కాదు, ఆ ఫ్లోర్ ఇప్పుడు ఏ కండిషన్‌లో ఉంది, దాని కింద ఏముంది, ఆ రూమ్‌తో మీరేం చేయబోతున్నారు, ఈ మూడూ చూసుకుని తేల్చాలి.

అసలు భయం దేనికో ముందు చెప్తాను. ఆస్బెస్టాస్ అంటే గనిలోంచి తీసే ఖనిజమే, కాకపోతే రాయిలా ముక్కలవకుండా నారలా చీలుతుంది, చీలే కొద్దీ ఇంకా సన్నబడుతుంది, చివరికి కంటికి కనబడనంత సన్నటి పోగులై గాల్లో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. పీల్చినవాటిలో కొన్ని ఊపిరితిత్తుల్లో అలాగే ఉండిపోతాయి, శరీరం వాటిని కరిగించలేదు, బయటికీ పంపలేదు. దానివల్ల వచ్చేవి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టాసిస్, లంగ్ క్యాన్సర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే మీసోథెలియోమా అనే క్యాన్సర్. ఈ జబ్బులు బయటపడటానికి మామూలుగా 20 నుంచి 40 ఏళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది, కాబట్టి నేను పోయినేడు గీకాను నాకేం కాలేదుగా అనే మాటకి విలువ లేదు. సిగరెట్ అలవాటు కూడా ఉంటే లంగ్ క్యాన్సర్ రిస్క్ చాలా రెట్లు పెరుగుతుంది. ఫ్లోరింగ్‌లో కలిపింది ఎక్కువగా క్రిసోటైల్ అనే తెల్ల రకం, తెల్లది పర్లేదండీ నీలం రకమే డేంజర్ అని చెప్పేవాళ్ళు తగులుతుంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం అన్ని రకాల్నీ కలిపి మనుషులకి క్యాన్సర్ తెచ్చే గ్రూప్ 1 లోనే పెట్టింది. అలాగని ఒక టైల్ మూల విరిగిందని నిద్ర మానుకోవాల్సిన పనీ లేదు, ఎంత దుమ్ము ఎంతకాలం పీల్చామన్నదాన్ని బట్టి రిస్క్ పెరుగుతుంది, జబ్బు పడినవాళ్ళలో ఎక్కువమంది ఏళ్ళ తరబడి ఆ దుమ్ములో పనిచేసినవాళ్ళు.

ఇప్పుడు మీ ఫ్లోర్‌లో ఉన్నది ఏంటి అన్నది. ఇక్కడ చాలామంది టైల్ ఒక్కటే చూస్తారు, చూడాల్సినవి మూడు.

ఒకటి టైల్. 9 అంగుళాల చదరపు టైల్స్ ఉంటే అనుమానం గట్టిదే, 12 అంగుళాలవాటిలో కూడా ఉండొచ్చు. 1920ల నుంచి వచ్చిన ముదురు రంగు తారు టైల్స్‌లో, తర్వాత 1950ల నుంచి బాగా నడిచిన వినైల్ అనే ప్లాస్టిక్ టైల్స్‌లో, రెండింటిలోనూ బలం కోసం ఆస్బెస్టాస్ కలిపేవాళ్ళు. వీటిలో మంచి సంగతి ఏంటంటే పోగులు తారులోనో ప్లాస్టిక్‌లోనో గట్టిగా ఇరుక్కుని ఉంటాయి, టైల్‌ని పొడి చేస్తే తప్ప తేలిగ్గా వదలవు.

రెండోది షీట్ వినైల్, అంటే చాపలా చుట్టలు తెచ్చి పరిచేది. నిజంగా భయపడాల్సింది దీనికే, జనం అసలు అనుమానించనిదీ దీన్నే. పైన చూస్తే మెత్తటి ప్లాస్టిక్, పువ్వుల డిజైన్, అమాయకంగా ఉంటుంది, కింద మాత్రం తెల్లగానో బూడిద రంగులోనో ఫెల్ట్ బ్యాకింగ్, అంటే అట్టలాంటి పొర ఉంటుంది, ఆ బ్యాకింగ్‌లో చాలాసార్లు ఆస్బెస్టాస్ పాళ్ళే ఎక్కువ. షీట్‌ని ఒక మూల పట్టుకుని లాగితే పై ప్లాస్టిక్ చేతికి వస్తుంది, ఫెల్ట్ మధ్యకి చీలిపోయి సగం షీట్‌కి సగం నేలకి ఉండిపోతుంది, నానిన అట్టముక్కలా వేళ్ళతో నలిపితే నలిగిపోతుంది. చేత్తో నలిపితే పొడయ్యే సరుకుకీ పొడవనిదానికీ రూల్స్ కూడా వేరుగా ఉంటాయి, మొదటిదానికి చాలా స్ట్రిక్ట్.

మూడోది జిగురు. టైల్ కింద నల్లగా తారులా ఉండే గమ్‌లో కూడా ఆస్బెస్టాస్ కలిపేవాళ్ళు. టైల్‌లో లేదు జిగురులో ఉంది అని రిపోర్ట్ రావడం మామూలే, కాబట్టి టైల్ క్లియర్ అని తేలగానే జిగురు మీద సాండర్, అంటే అరగదీసే మెషీన్ పెట్టేయకండి.

వీటిని గీకకుండా చూసుకోవాలంటే ఫ్లోర్ ఎక్కడ కట్ అయి ఉందో అక్కడ చూడాలి. నేలలో ఉండే హీటర్ గాలి జాలీ పైకెత్తితే పక్క అంచులో పొరలన్నీ కనబడతాయి, పైన లామినేట్, దాని కింద పల్చటి ప్లైవుడ్, కింద ఒక షీట్ వినైల్, ఇంకా కింద మూడు మిల్లీమీటర్ల టైల్, దానికింద నల్లటి గీతలా జిగురు. గుమ్మం దగ్గర రెండు రూముల ఫ్లోర్ కలిసేచోట ఉండే మెటల్ పట్టీ, గోడలో కట్టిన అల్మారా లోపలి మూల, ఇవి కూడా మంచి చోట్లే. ఒక్కో తరం వాళ్ళు పాతది తీయకుండా పైనే వేసుకుంటూ పోయిన ఇళ్ళలో నాలుగైదు పొరలుంటాయి, అన్నిటికంటే కింద ఉన్నదే మన కొంప ముంచేది.

ఇల్లు కట్టిన ఏడాదిని బట్టి ఒక అంచనాకి రావొచ్చు కానీ దాని మీదే ఆధారపడకూడదు. బ్రిటన్‌లో నీలం, గోధుమ రంగు రకాల్ని 1985లో ఆపారు, తెల్లదాన్ని 1999లో. ఆస్ట్రేలియాలో పూర్తి నిషేధం 2003 డిసెంబర్ 31 నుంచి, కెనడాలో 2018. అమెరికా కథ ఇంకా విచిత్రం, 1989లో పర్యావరణ సంస్థ దాదాపు అన్నిటినీ నిషేధిస్తే 1991లో కోర్టు అందులో చాలా భాగం కొట్టేసింది, నిషేధం అలాగే నిలిచిన కొద్ది ఐటమ్స్‌లో ఫ్లోరింగ్ ఫెల్ట్ ఒకటి, క్రిసోటైల్ మీద గట్టి నిషేధం మళ్ళీ 2024లో గానీ రాలేదు. తయారీ ఆగినా గోడౌన్‌లో ఉన్న స్టాక్ ఆ తర్వాత కూడా వేసే ఉంటారు. నేనైతే 1990కి ముందు వేసిన ఏ వినైల్ ఫ్లోర్‌నైనా టెస్ట్ అయ్యేదాకా ఆస్బెస్టాస్ ఉన్నట్టే లెక్కేస్తాను.

టెస్ట్ గురించి. ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు, పాతికేళ్ళ అనుభవం ఉన్న కాంట్రాక్టర్ కూడా, చెప్పాడంటే ఊహే. శాంపిల్ ల్యాబ్‌కి వెళ్ళాల్సిందే, మొత్తం పనిలో తక్కువ ఖర్చు ఇదే, విచిత్రంగా జనం మిగుల్చుకోవాలని చూసేదీ దీని దగ్గరే. సర్టిఫైడ్ మనిషిని పిలిచి తీయించడం బెస్ట్, మీ ఊరి రూల్స్ ఒప్పుకుని మీరే తీస్తే ఫ్యాన్, ఏసీ ఆపేసి, ఆ చోటుని సబ్బు నీళ్ళు స్ప్రే చేసి తడిపి, ఇదివరకే విరిగున్న మూల నుంచి గోరంత ముక్క తీసి జిప్ కవర్లో వేసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, తీసినచోట తడి టిష్యూతో తుడిచి టేప్ వేసేయాలి, ఆ టిష్యూ కూడా కవర్లోకే. టైల్‌కి ఒక శాంపిల్, జిగురుకి వేరే శాంపిల్, ప్రతి పొరకీ విడిగా. ఇంకో చిన్న విషయం, మామూలుగా చేసేది పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోప్ టెస్ట్, ఫ్లోర్ టైల్స్‌లో పోగులు మరీ సన్నగా ఉండటంతో ఆ మైక్రోస్కోప్‌కి ఒక్కోసారి చిక్కవు. అందుకని అనుమానం బలంగా ఉండి రిపోర్ట్‌లో లేదు అని వస్తే టెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ టెస్ట్ కూడా చేయమని అడగండి. అమెరికాలో 1 శాతం దాటితే దాన్ని ఆస్బెస్టాస్ సరుకుగా లెక్కేస్తారు, వేరే దేశాల్లో గీత వేరే ఉండొచ్చు.

సరే ఉందని తేలింది. ఇక ఎంపికల్లోకి.

వదిలేయడం. టైల్స్ గట్టిగా అతుక్కుని, పగుళ్ళు లేకుండా, పొడి రాలకుండా ఉంటే ఏమీ చేయకపోవడం తప్పేం కాదు. తడి మాప్‌తో తుడవండి, పైన వ్యాక్స్ కోటింగ్ చెదిరిపోకుండా చూసుకోండి, కుర్చీల కాళ్ళకి మెత్తటి ప్యాడ్స్ పెట్టండి. చేయకూడనిది పాలిషింగ్ మెషీన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టి డ్రైగా అరగదీయడం, అమెరికాలో పనిచోట్ల భద్రత రూల్స్ ప్రకారం ఇలాంటి ఫ్లోర్ మీద పాత కోటింగ్ తీయాలన్నా తడిగానే, తక్కువ రాపిడి ప్యాడ్‌తో, నిమిషానికి 300 రౌండ్ల లోపే తిప్పాలి. ఎక్కడో ఒకటి రెండు లూజ్ అయితే విరక్కుండా తీసి మళ్ళీ అతికించుకోవచ్చు. అందం విషయంలో మాత్రం దీనికి మార్కులు తక్కువే, ఆ ఆకుపచ్చ మచ్చల టైల్ మీకు నచ్చకపోతే కొన్నాళ్ళకి చిరాకొచ్చి పీకేస్తారు, అందుకే నచ్చనివాళ్ళు మొదటే కప్పేసుకోవడం మంచిది.

కప్పేయడం. నా ఓటు ఎక్కువసార్లు దీనికే, కానీ ఎలా కప్పుతున్నామన్నది చాలా ముఖ్యం. ఒకదానికొకటి క్లిక్ అయ్యే వినైల్ ప్లాంక్, లామినేట్ లాంటి ఫ్లోటింగ్ ఫ్లోర్ అయితే కింద మేకు లేదు, జిగురు లేదు, గీకుడు లేదు, పాత ఫ్లోర్‌ని ముట్టుకోకుండానే పని అయిపోతుంది. దీని ముందు మిగతావన్నీ నాకు రెండో రకమే. ప్లైవుడ్ వేసి మేకులు కొడితే ప్రతి మేకూ ఆ టైల్‌లోంచే దిగుతుంది, రేపు ఎవరైనా ఆ ప్లైవుడ్ పీకితే టైల్స్ ముక్కలై దానితో పాటే లేస్తాయి. కార్పెట్ వేసుకోవచ్చు కానీ అంచుల్లో కొట్టే మేకుల పట్టీలు టైల్‌ని పగలగొడతాయి, తీసేటప్పుడు మళ్ళీ పగలగొడతాయి. కొత్త టైల్‌ని పాతదాని మీద డైరెక్ట్‌గా జిగురుతో అతికించాలంటే కింద నున్నగా ఉన్న వ్యాక్స్ పోవాలి, దానికోసం పనివాడు సాండ్‌పేపర్ తీస్తాడు, అప్పుడు మళ్ళీ మొదటికే వచ్చాం. ఎపాక్సీ పెయింట్ వేసి సీల్ చేయడం స్టోర్ రూముల్లాంటి చోట ఓకే, రోజూ నడిచే హాల్లో అరిగిపోతుంది.

కప్పడానికి ముందు నేల చదునుగా ఉందా చూడాలి, ఫ్లోటింగ్ ఫ్లోర్ కంపెనీలు చాలావరకు మూడు మీటర్ల పొడవులో ఐదు మిల్లీమీటర్లకి మించి ఎత్తుపల్లాలు ఉండకూడదంటాయి. పల్లం ఉంటే ఫిల్లర్ పోసి నింపొచ్చు, ఎత్తు ఉంటే మాత్రం గీకి చదును చేయడం కుదరదు, చుట్టుపక్కలే లేపుకోవాలి. తర్వాత హైట్. ఒక సెంటీమీటర్ పెరిగితే ఏముందిలే అనుకుంటాం, తలుపులు కింద కోయాలి, మెట్ల మొదటి మెట్టు మిగతా వాటికంటే పొట్టిదవుతుంది, బాత్రూంలో కమోడ్‌ని కింద పైపుకి కలిపే ఫ్లాంజ్ అనే రింగు లోపలికి పోయినట్టవుతుంది. వంటగదిలో డిష్‌వాషర్ విషయం ఎవరూ ముందు ఆలోచించరు, దాని ముందు దాకా కొత్త ఫ్లోర్ వేసేస్తే అది గూట్లో ఇరుక్కుపోతుంది, పాడైనప్పుడు బయటికి రావాలంటే కౌంటర్ టాప్ అన్నా లేపాలి, ఫ్లోర్ అన్నా కోయాలి. ముందు దాన్ని బయటికి లాగి కింద కూడా ఫ్లోర్ వేయించుకోండి.

కప్పేస్తే సమస్య పోదు, దాక్కుంటుంది, అది నిజమే. రేపు ప్లంబర్ వచ్చి పైపు కోసం అక్కడే డ్రిల్ వేస్తాడు, వాడికి కింద ఏముందో తెలీదు. అందుకే కప్పేముందు ఫోటోలు తీసి, ల్యాబ్ రిపోర్ట్‌తో పాటు ఇంటి కాగితాల్లో పెట్టండి, మెయిన్ స్విచ్ బోర్డ్ తలుపు లోపలివైపు ఏ రూముల్లో ఉందో రాసి అతికించడం ఇంకా మేలు, పనివాళ్ళు ఎవరొచ్చినా ఆ తలుపు తెరుస్తారు. ఇల్లు అమ్మేటప్పుడు తెలిసిన విషయం చెప్పడం చాలా చోట్ల చట్టప్రకారం తప్పనిసరి, చెప్పాల్సిన రోజున ఈ కాగితాలే పనికొస్తాయి.

తీయించడం. ఇది ఎప్పుడు తప్పదంటే, టైల్స్ సగానికి సగం లేచిపోయి విరుగుతున్నప్పుడు, కింద చెక్క కుళ్ళినప్పుడు, నేల తవ్వి పైపులు మార్చాల్సి వచ్చినప్పుడు, గోడలు కొట్టి రూముల షేపే మారుస్తున్నప్పుడు, నేలలో హీటింగ్ వేస్తున్నప్పుడు. కాంక్రీట్ శ్లాబ్ మీద టైల్స్ వాటంతటవే లేస్తున్నాయంటే ఎక్కువసార్లు కింద నుంచి తేమ వస్తోందని అర్థం, దాని మీద గాలి ఆడని వినైల్ కప్పితే తేమ అక్కడే నిలిచి వాసన, బూజు మొదలవుతాయి, అలాంటిచోట కప్పడం నేను చెప్పను.

మంచి కాంట్రాక్టర్ ఎలా చేస్తాడో తెలిస్తే కొటేషన్ చూసినప్పుడే ఎవడెలాంటివాడో అర్థమవుతుంది. రూమ్‌ని మందపాటి ప్లాస్టిక్ షీట్లతో సీల్ చేస్తాడు, సన్నటి పోగుల్ని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న మెషీన్ పెట్టి లోపలి గాలి బయటి రూముల్లోకి రాకుండా లాగేస్తాడు, టైల్స్‌ని తడిపి లేదా వేడి చేసి వీలైనంతవరకు ముక్కలు కాకుండా లేపుతాడు, డబుల్ కవర్లలో లేబుల్ వేసి, పర్మిషన్ ఉన్న డంప్‌కే పంపి రసీదు ఇస్తాడు. చివర్లో గాలి టెస్ట్ ఉంటుంది, అది పాస్ అయ్యాకే ప్లాస్టిక్ తీయాలి. ఆ టెస్ట్ చేసేది కాంట్రాక్టర్ మనిషి కాకుండా మీరు విడిగా పెట్టుకున్న మనిషి అయి ఉండాలి, తీసినవాడే బాగా తీశాను అని సర్టిఫికెట్ ఇచ్చుకుంటే దానికి అర్థమేముంది. ఇంకోటి, ఒక రోజులో అయిపోతుంది ప్లాస్టిక్ గీస్టిక్ ఏం అక్కర్లేదు అనేవాడిని అక్కడితో పంపించేయండి, ఎంత తక్కువకి చేస్తానన్నా సరే.

జిగురు దగ్గర ఒక మధ్యేమార్గం ఉంది, కొటేషన్‌లో దీన్ని విడిగా అడగండి. టైల్స్ తీసేశాక నల్లటి జిగురుని కెమికల్ రిమూవర్‌తో కరిగించి తీస్తారు, తీస్తే నేల శుభ్రంగా వస్తుంది కానీ ఆ కెమికల్ కాంక్రీట్‌లోకి ఇంకిపోతే తర్వాత వేసే కొత్త జిగురు పట్టకపోవచ్చు, వాసన కూడా రోజుల తరబడి ఉండొచ్చు. పైన ఫ్లోటింగ్ ఫ్లోరే వేస్తున్నప్పుడు జిగురుని గీకకుండా ఉన్నచోటే ఉంచి, దానికి సరిపడే సీలర్‌తో కప్పేసి ముందుకెళ్ళొచ్చు, పని తగ్గుతుంది, దుమ్ము తగ్గుతుంది. ఆస్బెస్టాస్ పూర్తిగా పోయిందని మాత్రం ఎవరికీ చెప్పుకోలేం.

మనమే తీసుకోవడం. కొన్నిచోట్ల సొంతింట్లో ఓనర్ తీసుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది, కొన్నిచోట్ల అస్సలు ఒప్పుకోదు, అద్దె ఇల్లయినా అపార్ట్‌మెంట్ అయినా రూల్స్ వేరే, ముందు అది కనుక్కోండి. ఒప్పుకున్నా సరే షీట్ వినైల్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, దీంట్లో నాకు రెండో మాట లేదు. ఇప్పటికే లూజ్ అయిన నాలుగు టైల్స్ అయితే తడిపి, పల్చటి పట్టీని కిందకి మెల్లగా జరిపి, విరక్కుండా ఎత్తడం వేరు, రూమ్ మొత్తం పీకడం వేరు. మాస్క్ అంటే గుడ్డ మాస్క్, సర్జికల్ మాస్క్ ఎందుకూ పనికిరావు, ఎన్95 కూడా ఈ పనికి సరిపోదు, ముఖానికి టైట్‌గా పట్టే, పీ100 ఫిల్టర్లు ఉన్న రెస్పిరేటర్ కావాలి, గడ్డం ఉంటే అది సీల్ అవదు. వాడిపారేసే సూట్ వేసుకుని అక్కడే విప్పి కవర్లో వేయాలి, ఆ బట్టలు ఇంట్లో వాషింగ్ మెషీన్‌లో వేస్తే పోగులు ఇంటిల్లిపాది బట్టలకీ అంటుతాయి. ఇవన్నీ కొనుక్కుని, డంప్‌కి విడిగా కట్టి చూసుకుంటే మిగిలేది అనుకున్నంత ఉండదు.

మరి ఎవరికి ఏది? టైల్స్ గట్టిగా ఉన్న బెడ్‌రూమ్, హాల్ అయితే ఫ్లోటింగ్ ఫ్లోర్ వేసి మర్చిపోండి. నేలమాళిగలో తేమ లేకుండా టైల్స్ బాగుంటే వదిలేయండి, తేమ ఉంటే ముందు తేమ సంగతి చూసి తర్వాత తీయించండి. వంటగదిలో షీట్ వినైల్ ఉండి చిరగకుండా ఉంటే కప్పడమే, క్యాబినెట్లు కూడా మార్చే పెద్ద రెనొవేషన్ అయితే ఇల్లు ఎలాగూ ఖాళీగా ఉంటుంది కాబట్టి అప్పుడే లైసెన్స్ ఉన్నవాళ్ళతో తీయించేయడం నయం, సామాన్లు సర్దాక మళ్ళీ ఆ పని పెట్టుకోవడం నరకం. నేల మీద పాకే పిల్లలున్న ఇల్లయితే పగిలిన, పొడి రాలే చోట్లని ఒక్కరోజు కూడా అలా ఉంచకండి, శాశ్వతంగా ఏం చేయాలో తేలేదాకా తడి గుడ్డతో తుడిచి, టేప్ వేసి, పైన గట్టి షీట్ పరిచి ఆ రూమ్ మూసేయండి.

ఇదంతా చదివేలోపే సాండర్ వేసేసి ఉంటే, ముందు పని ఆపేయండి. ఊడవకండి, ఇంట్లో వాడే వాక్యూమ్ పెట్టకండి, దాని ఫిల్టర్‌లోంచి పోగులు వెనక నుంచి మళ్ళీ రూములోకే వస్తాయి. ఏసీ, ఫ్యాన్ కట్టేసి, వేసుకున్న బట్టలు ఆ రూములోనే కవర్లోకి విప్పేసి, స్నానం చేసి, తలుపు కింద సందుకి టేప్ వేయండి. మిగిలిన టైల్ ముక్క ఒకటి ల్యాబ్‌కి పంపండి, ఉంది అని వస్తే క్లీనింగ్‌కి హెపా వాక్యూమ్ ఉన్న లైసెన్స్‌డ్ వాళ్ళనే పిలిచి, గాలి టెస్ట్ రిపోర్ట్ చేతికొచ్చాకే ఆ తలుపు తెరవండి.